ఒకే రోజు మూడిళ్ల విందు

తిరుపతిలో ఒక అద్దె ఇల్లు. కొత్తగా పెళ్లయిన లోహిత, ధర్మేంద్ర. ధర్మేంద్ర ఇంటికి వచ్చే దారిలో ఉండగా లోహిత స్కాన్ రిపోర్టు అతని ఫోనుకు వచ్చింది.

"లోహీ, లోహీ! మెదడులో కొత్త మచ్చ ఒక్కటీ లేదంట!"

"నిజంగానా? ఇట్లా తే. సూడనీ."

"సూడు. డాక్టరు కింద బొటనవేలు బొమ్మ గూడా పెట్టినాడు."

"అబ్బా... బొటనవేలు బొమ్మ! నవ్వొస్తా ఉండాది. ఏడుపూ వస్తా ఉండాది."

"ఏడ్చొద్దు. కింద బండి ఆపి మూడు ఫోన్లు చేసేసే పైకొచ్చినా."

"నాకంటే ముందా? ఎవురికి?"

"విందుకు పిలిచి పిలిచి అలిసిపోయినారు గదా, అందరికీ ఒప్పుకునేసినా. రేపు పొద్దున వడమాలపేట మామ ఇంట్లో టిఫను, మధ్యాన్నం పుత్తూరు చిన్నమ్మ ఇంట్లో భోజనం, రాత్రికి నాయుడుపేట పెదనాయన ఇల్లు. కొత్త జంటకు మిగిలిన విందులన్నీ ఒక్క దెబ్బకు అయిపోతాయి."

"ఆ దెబ్బకు నేనూ అయిపోతా."

"అదేంది? స్కాను బాగుండాది గదా?"

"కొత్త మచ్చలు రాలేదన్నారు. పాతవి పోయినాయని ఎవురన్నారు? నరాల మీద తొడుగు చెడిపోయిన చోట చెడిపోయినట్టే ఉండాది. ఆ అలుపు యాడికీ పోలేదు."

"పైకి బాగానే కనిపిస్తా ఉండావే..."

"ఆ మాట... ఆ మాట మాత్రం అనొద్దు. ఊర్లో వాళ్లంటే సరే. నువ్వు గూడా అంటావా?"

"సరే, సరే. అన్లేదనుకో."

"కృపారాణి మేడమ్ దగ్గరికి నువ్వే గదా తీసకపోయినావు? అలుపు రాకుండా పనులు చేసుకునేది నేర్పే ఆ ఆక్యుపేషనల్ థెరపీలో ఏం చెప్పింది ఆమె?"

"కూర్చోని కూరగాయలు తరగమనింది. స్టూలు కొన్నా గదా? నీకిష్టమని నీలం రంగుదే ఎతికి ఎతికి తెచ్చినా."

"తెచ్చినావు. ఆ స్టూలు బంగారం. ఇంకా?"

"తలస్నానం చేసిన పూట వేరే పెద్దపని పెట్టుకోవద్దనింది. ఎండలో తిరగొద్దనింది."

"ఇంకా?"

"ఇంకేముంది, అంతే."

"చెప్పు."

"అలిసిపోకముందే పడుకోవాలనింది."

"అలిసిపోకముందే! బోరులో నీళ్లు ఊరకముందే మోటరేస్తే ఏమైతాది?"

"కాలిపోతాది."

"నా ఒళ్లూ అంతే. ఇంత తెలిసీ మూడిళ్లు ఒప్పుకుంటివి!"

"పిలిచినప్పుడు పోకపోతే కోడలికి పొగరంటారు లోహీ."

"పోయినప్పుడు ఏమన్నారు? మీ కోమలక్క ఇంట్లో విందయినాక అందరూ గిన్నెలు తీస్తా ఉంటే, నేను అలుపు తట్టుకోలేక బాత్రూములో గోడకానుకొని నిలబడుకున్నా. బయటికొస్తే 'దాక్కునే దాంట్లో పెళ్లికూతురు గట్టిదే' అనింది."

"ఆమె నోరే అంత."

"నా గురించి వాళ్లకేం చెప్పినావు?"

"ఏం చెప్తా..."

"ఏం చెప్పినావబ్బా?"

"రక్తం తక్కువని."

"అందుకేనా! అందుకేనా, పోయిన ప్రతి ఇంట్లో నాకు బీట్‌రూట్ రసం?"

"మంచిదే గదా..."

"మెట్టు దిగేటప్పుడు కాలు తడబడిందని చిన్నత్త, అదే మీ పుత్తూరు చిన్నమ్మ, ఎముకలు విరిగితే కట్టే పుత్తూరు కట్టు కట్టిస్తాననింది!"

"కట్టించుకుంటే పోలా?"

"నవ్వించొద్దు. నాకు కోపంగా ఉండాది."

"నవ్వినావు గదా."

"నవ్వినా కోపంగానే ఉండాది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు చెప్పేదానికి నీకు సిగ్గా?"

"సిగ్గు కాదు."

"మరి?"

"భయం. జబ్బుపిల్లను అంటగట్టినారని నిన్నంటారు. మీ అమ్మోళ్లను అంటారు. పెళ్లికి ముందే నువ్వు నాకు అంతా చెప్పినావు. వాళ్లకు చెప్పాల్సింది నేను. చెప్పలేకపోయినా."

"నన్ను అనకుండా ఉండారా ఇప్పుడు? సోమరిదంటా ఉండారు. దానికంటే జబ్బుపిల్ల అంటేనే నయం గాదా?"

"ఇదో, పుత్తూరు చిన్నమ్మే ఫోను చేస్తా ఉండాది. ఏం చెప్పేది?"

"స్పీకర్లో పెట్టు."

"ఒరే ధర్మా, రేపు కోడి కోసేదా, ఏట మాంసం తెప్పించేదా? కోడలికి రక్తం పట్టాల, మేక కార్జం గూడా చెప్పి పెట్టినా..."

"చిన్నత్తా, నేను లోహితను. రేపు మీ ఒక్క ఇంటికే వస్తాం. ఏం వండినా కడుపునిండా తింటా. తిన్నాక మాత్రం గిన్నె ముట్టను, అందరి ముందరా మీ నట్టింట్లో చాపేసుకొని పడుకుంటా. నాకుండేది రక్తం తక్కువ కాదు చిన్నత్తా. అదేందో నిద్ర లేచినాక నేనే చెప్తా."