నాంచారమ్మ కాటా ఎక్కింది

నాంచారమ్మని ఎరుగుదురుగా, మిరప కళ్లాల పక్కిల్లు, గొంతెత్తితే అవతలి వీధికి ఇనపడుద్ది, ఆవిడే. ఆవిడకో మనవరాలు, చంద్రిక, ఎనిమిదేళ్లది. బాగా ఒళ్లొచ్చిన పిల్ల. ఏమైందంటే, బళ్లోకి ఓ కొత్త నర్సమ్మ వొచ్చి పిల్లల్ని వరసగా కాటా ఎక్కించిందంట. చంద్రిక ఎక్కంగానే నలభై ఒకటి అని పైకే చదివి, ఈ పిల్లకి తిండి తగ్గించండి అని ఇంటికో చీటీ రాసిందంట. ఇంకేముంది, సాయంత్రానికి ఆ పిల్ల పేరు చంద్రిక కాదు, నలభై ఒకటి. నలభై ఒకటీ ఇటు రా, నలభై ఒకటీ బెంచీ ఇరుగుద్ది, అట్టా అనుకోండి. పిల్ల ఇంటికొచ్చి కంచం ముందు కూర్చోలా. బడికి పోనంటే పోనంది. ఒక పూట, రెండు పూటలు. మూడో పూట నాంచారమ్మకి కడుపు మండింది. తిండి తగ్గించమంటారా, ఆ తిండి పిల్ల వండుకుందా, పిల్ల తెచ్చుకుందా అని పెరట్లో నెల రోజుల చెత్త గోతాం బోర్లించింది.

చిప్సు, బిస్కెట్ పాకెట్లు, కూల్‌డ్రింకు సీసాలు, అన్నీ ఖాళీవి, లెక్కపెడితే ముప్పై ఏడంట. మన సంగతి తెలిసిందేగా, పిల్లలున్న ఇంటికి ఉత్త చేతుల్తో పోతే మనకి నామోషీ. ఒక్కోటీ ఎత్తి చూపిస్తా, ఇదెవురు తెచ్చారే అని అడుగుద్ది, పిల్ల చెబుద్ది. పెదనాన్న తొమ్మిది. ఎదురింటి మామ ఏడు. అత్త ఆరు. వాళ్ల నాన్న ఆరు. మరి ఈ ఎనిమిదో అంటే, అయ్యి నువ్వు తెచ్చినయ్యే నానమ్మా అంది. పిల్ల కొనుక్కుంది ఒక్కటంటే ఒక్కటి.

మర్నాడు నర్సమ్మ మిగిలిన తరగతుల్ని తూస్తంటే, నాంచారమ్మ ఓ చేత్తో గోతాం, ఓ చేత్తో పిల్ల, ఎనక కొడుకూ కోడలూ, బళ్లోకి వొచ్చేసింది. మమ్మల్ని తూయమ్మా అంది. పెద్దాళ్లని తూయమని మాకు లేదండీ అంది నర్సమ్మ. అయితే పిల్లనీ తూయొద్దు, ముప్పై ఏడులో ముప్పై ఆరు మేం పెట్టాం, ఒక్కదానికి దీన్ని నిలబెడతారా అని చెప్పులిడిచి కాటా ఎక్కింది. చదువమ్మా, మొన్న చదివినట్టే పైకి చదువు. చంద్రికే వంగి చూసి, ఎనభై నాలుగు నానమ్మా అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. నవ్వండి, ఇయ్యాల్టి నుంచి నన్ను ఎనభై నాలుగూ అని పిలవండి, పలుకుతా. దాన్ని మాత్రం పేరు పెట్టే పిలవాలి అంది. నర్సమ్మ పాత చీటీ చింపేసి, తప్పు నాదే పెద్దమ్మా, ఇంటిల్లిపాదికీ రాయాల్సింది అని కొత్తది రాసిందంట.

ఆ పై ఆదివారం ఆ పెదనాన్న, అదే నాంచారమ్మ అక్క కొడుకు, రెండు పాకెట్లతో వొచ్చాడు. నాంచారమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఏంది పిన్నీ, ఉత్త చేతుల్తో రమ్మంటావా అన్నాడు మొహం మాడ్చుకుని. చేతులు ఖాళీగా ఉంటేనేగా నాయనా బంతి పట్టుకునేది అని ఆయన్ని అట్నుంచి అటే ఏడు పెంకులాటకి తోలింది. పదిహేను రోజులు అలిగాడనుకోండి. తర్వాత ఆయనే ముందొచ్చేవాడు. నెల తిరిగేసరికి ఆ వీధిలో ఇరవై రెండిళ్లకి పదిహేనిళ్ల పెద్దాళ్లు సాయంత్రం పిల్లల్తో ఆటలో ఉన్నారంట.

ఏడాదికి మళ్లీ కాటా వొచ్చింది. చంద్రిక తనంతట తనే ఎక్కింది. అదే నలభై ఒకటి, కాకపోతే పిల్ల రెండున్నర అంగుళాలు సాగింది. నర్సమ్మ రాసుకుందిగానీ పైకి చదవలా. నాంచారమ్మ డెబ్బై తొమ్మిది. దాన్ని మాత్రం ఆవిడే వీధి వీధంతా చాటుకుంది, ఆవిడ గొంతు సంగతి చెప్పాగా.

నా బరువెంతంటారా? ఆ ముచ్చట వొద్దులెండి. మీరు మా పిల్లల కోసం తెచ్చిన ఆ బిస్కెట్ పాకెట్ సంచీలో పెట్టేసుకుని లెగండి, పెంకులు పేర్చి ఉన్నాయక్కడ.