బీయున్ నోరు నొక్కనివ్వని పెట్టె

ఫ్యాను కట్టెయ్యకే తల్లీ, తిరగనీ. ఆ చప్పుడు ఆగిందంటే నాకు మెలకువ వచ్చేస్తుంది. నవ్వుతావేం, నిజంగానే. మా ఊరు లిన్‌బియెన్‌లో చేపల చెరువుల మీద బతికినవాళ్ళెవర్నైనా అడుగు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ చక్రాలు తిరుగుతున్నంతసేపూ నిద్ర, ఆగాయా లేచి పరుగు. నీళ్ళలో గాలి ఆడకపోతే కాసేపట్లో చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి మరి. మీ చిన్న నాయనమ్మ, అదే మా ఆవిడ బీయున్ అయితే ఇంకానూ. తింటూ తింటూ చెయ్యి గాల్లో ఆపేసేది. ఏంటే అంటే, "ఆ మూల చక్రం నీరసంగా తిరుగుతోంది" అనేది. నాకేమో అన్నీ ఒకటే చప్పుడు. నువ్వామెని చూళ్ళేదు కదూ. ముఖానికి గుడ్డ చుట్టుకుని, పైన వెదురు టోపీ పెట్టుకుని, ఎండలో గట్టు మీద నడిచొస్తుంటే, చక్రాలు చిమ్మే తుంపర్లలో మనిషి ఉందో లేదో తెలిసేది కాదు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా అలాగే వస్తుంది. కాస్త దూరంలో ఆగిపోతుంది, అంతే.

ఆఁ, పెట్టె సంగతి కదూ అడిగావు. మోటారు నించి కరెంటు నీళ్ళలోకి లీకైతే వెంటనే లైను ఆపేసి గంట మోగించే పెట్టె అది. కొత్తగా పెట్టించాం. ఆ ఎండాకాలం దానికి పిచ్చి పట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి గంట మోగేది, చక్రాలు ఆగేవి. కరెంటు పని చేసే షుయ్‌మూ వచ్చేవాడు, వక్క నములుతూ. మోటార్లన్నీ చూసి, "అన్నా, లీకూ లేదు గీకూ లేదు, పెట్టె అబద్ధమాడుతోంది" అనేవాడు. మా అమ్మకేమో పట్నంలో ఆఫీసువాళ్ళు చేసే పని ఎవరో చెప్పారు. యంత్రం మాట వినాలంటే దాని నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్టు పెట్టాలిట. ఆకుపచ్చే సుమా, పసుపుది పెడితే మొరాయిస్తుందిట. అమ్మ ఒకటి పెట్టింది. మర్నాడూ మోగింది. "ఒక్కటి సరిపోలేదురా, ఆకలి మీదుంది" అని ఇంకోటి. తర్వాత ఇంకోటి. గాలికి పడిపోకుండా టేపు కూడా వేసింది. ఎన్ని పెడితే అంత పెందరాళే మోగేది అది.

చేపలు తేలడం మొదలెట్టాయి. ఏడాది కష్టం కళ్ళముందే పోతోంది. నేనూ షుయ్‌మూ కూర్చుని ఒక నిర్ణయానికొచ్చాం, పెట్టెని పక్కకి తప్పించి లైను నేరుగా మోటార్లకి కలిపేద్దామని. ఊళ్ళో సగంమంది చేసిన పనే. బీయున్ వచ్చి పెట్టెకి అడ్డంగా నిలబడింది. వాళ్ళ తమ్ముడు పోయింది అలాగేగా, కరెంటు పారిన చెరువులో కాలు పెట్టి. "అబద్ధం చెప్తే చెప్పనీ, దాని నోరు మాత్రం నొక్కనివ్వను" అంది. తమ్ముడి మాట తెచ్చిందే కానీ కంట తడి లేదు. అతను పోయినప్పుడూ లేదు. రాయి అనుకునేవాడిని ఈమెని. షుయ్‌మూ గొణిగాడు, "చేపలు చస్తే ఆ పెట్టెనే వండుకు తిను వదినా" అని.

మర్నాడు తనే మొదలెట్టింది. ఒక్కో మోటారు తీగా ఊడదీయించడం, గంట కోసం చూడ్డం. పక్కవాళ్ళ డీజిల్ ఇంజను అరువు తెచ్చి చెరువుకి గాలి ఆడించాం. ఒకటి ఊడదీసినా మోగింది, ఇంకోటి ఊడదీసినా మోగింది. చివరికి ఒక్క మోటారూ లేకుండా, ఉత్త పెట్టె మోగింది. మేం ముఖాలు చూసుకున్నాం. బీయున్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమని తీసేసుకుంది. పైన గాలి ఆడే కంతలన్నీ ప్యాకెట్ల కింద మూసుకుపోయున్నాయి. అసలే ఎండకి కాగుతున్న లోపలి ఎలక్ట్రానిక్ కార్డు ఇంకా వేడెక్కి, లేని లీకు ఉన్నట్టు లెక్కేస్తోంది. షుయ్‌మూ పగలబడి నవ్వబోతే వాడి కాలు తొక్కింది. అమ్మ దగ్గరికెళ్ళి, "అత్తయ్యా, నెత్తినెక్కించుకుంటే ఎవరికైనా పొగరొస్తుంది. ప్యాకెట్లని పక్కన బల్ల వేసి పెడదామా?" అంది. అమ్మ ఆలోచించి, "అదీ నిజమేనే" అంది. నాకా క్షణంలో బీయున్ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో నీకెలా చెప్పను. పెళ్ళయి అన్నేళ్ళయ్యాక.

పెట్టెకి నీడగా తడిక కూడా కట్టాం, అది నోరు మూసుకుంది. వానలొచ్చాయి, చలిగాలులొచ్చాయి, ఒక్క గంట లేదు. తర్వాతొక మధ్యాహ్నం మోగింది. మళ్ళీ మొదలురా బాబూ అనుకుంటూ స్విచ్చి పైకి లేపబోయాను. బీయున్ నా మణికట్టు పట్టుకుంది. "ముందు చెరువు చూడు" అంది. చూస్తే, మోకాలి లోతు నీళ్ళలో మా అమ్మ. చేతిలో వల. "చక్రాలాపేశారేంరా? నా కాళ్ళు జివ్వుమన్నాయి, చీమలేమైనా ఉన్నాయా ఇందులో?" అని కేకలేస్తోంది. ఎలక తీగ కొరికేసిందని తర్వాత తెలిసింది. బీయున్ చిన్న గొంతుతో, "గట్టెక్కు అత్తయ్యా" అంది. అమ్మ తిడుతూనే ఎక్కింది. ఈమె తన ముఖానికున్న గుడ్డ విప్పి అమ్మ పాదాలు తుడవడం మొదలెట్టింది. తుడిచిందే తుడుస్తోంది. "చాల్లేవే, తోలు ఊడొస్తుంది" అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది బీయున్. ఆ పాదాలు పట్టుకుని, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ.

ఊఁ... ఎందుకాగిపోయానంటావా? ఏం లేదు. మీ అమ్మ ఎన్నింటికొస్తానంది?