కొండ మీది నీలం పూలు

కొండ దిగి వచ్చిన భార్యాభర్తలు గేటు పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"ఏమండీ, కాపలాదారు మాట విన్నారా? పూలు కోసేస్తున్నారని రేపటి నుంచి బడిపిల్లల్ని కొండెక్కనివ్వడట."

"విన్నాను."

"మరి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారేం?"

"ఆరు వారాలుగా కోస్తున్నది నేనేనని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"దేవుడి కోసమే కోశానని చెప్పండి."

"అదేనే నా బాధ. ఆయన కొండ నిండా పూయించుకున్నవి తెంపుకొచ్చి, నేనేదో ఇస్తున్నట్టు ఆయనకే పెట్టాను. ఆయన అడిగాడా?"

"సరే, ఇప్పుడేం చేస్తారు?"

"పిల్లల తప్పేం లేదని చెప్పొస్తాను. ఇక నన్ను ఈ గేటు దాటనివ్వడేమో."

"ఉండండి, నేనూ వస్తాను."

"నువ్వెందుకే?"

"దేవుడికి ఎర్రపూలు బాగుండవు, కొండ మీది నీలం పూలే తెమ్మన్నది నేనేగా."