తొలిచేప

(ఎగువ డ్యాం నిండి పొర్లి, వాగు ఊరి చెరువు మీద పడిన మర్నాటి ఉదయం. గడప బయట చేప పట్టుకుని రామాయమ్మ. గడపలో రబియా.)

"అక్కడే ఉండు పిన్నీ. ఆ చేపతో గడప దాటమాక."

"బురదలో పడి వచ్చానే రబియా. ముందు గిన్నె తీసుకురా, దీన్ని అందులో వెయ్యనీ. బరువుగా ఉంది."

"బరువుండదా మరి? చెరువు గుత్తకి తీసుకుని తవుడూ చెక్కా పెట్టి పెంచిన బొచ్చె చేప. నా చేపను నన్నే కూర వండుకోమని తెచ్చావా?"

"అట్టా మాట్లాడమాకే."

"మరెట్టా మాట్లాడాలి? ఊరంతా మీ వరిచేలో దిగి చీరలడ్డం పెట్టి పడుతున్నారంట గదా. పక్కింటి హలీమా చెప్పింది."

"చెరువు నిండి అలుగు దాటిన చేప ఎవరికి దొరికితే వాళ్ళదే గదే. ఎప్పుడూ ఉన్నదే. నువ్వొచ్చి పట్టుకున్నా ఎవరూ కాదనరు."

"నా చేపల్ని నేను పోయి జనంలో పడి ఏరుకోవాలా? పిన్నీ, నిజం చెప్పు. చెరువులో ఏమన్నా మిగిలినయ్యా?"

"నీళ్ళు ఇంకా పోతానే ఉన్నయ్. వాటితోపాటే అవీ."

"అలుగుకి మళ్ళా వల కట్టొచ్చు గదా. ఉన్న కాసినైనా ఆగుతయ్. ఈయనేమో ఫోన్ ఎత్తట్లా. ఎక్కడన్నా కనపడ్డాడా?"

"అలుగు కాడే కూర్చున్నాడు దావూదు."

"ఏమన్నా తిన్నాడా?"

"టీ ఇచ్చాను. పక్కన పెట్టుకున్నాడు."

"ఇంటికి పొమ్మని చెప్పకపోయావా?"

"చెప్పాను. పోతాలే అన్నాడు. గిన్నె తీసుకురావే."

"తేను. వల ఎట్టా పోయింది పిన్నీ?"

"ఎట్టా పోయేదేముంది? వరద. డ్యామే పొర్లింది, వలొక లెక్కా? చిరిగింది."

"చిరిగిందా?"

"చిరిగింది."

"మరి ఇదేంది? హలీమా మీ చేలో నించే తెచ్చిచ్చింది, మా వల ముక్క. ఈ అంచు చూడు. చిరిగినట్టుందా, కొడవలి పెట్టి కోసినట్టుందా?"

"నా కళ్ళకి సరిగా ఆనదే."

"ఆనకపోతే తడిమి చూడు."

"వదిలెయ్యవే రబియా."

"మొన్న నీ కొడుకు శ్రీకాంత్ మా ఆయనతో అందరి ముందూ ఏమన్నాడు? వలకు చెత్త పట్టి నీళ్ళు ఎగదంతే కోసి పారేస్తా అన్నాడా లేదా?"

"అన్నాడు. అనడం వేరు..."

"కోశాడు."

"కొయ్యలా."

"మరెవరు కోశారు?"

"మావాడు మాత్రం కొయ్యలా."

"అదే అడుగుతున్నా. ఎవరు?"

"నన్నడగమాకే."

"సరే, అడగను. మా తమ్ముడు సాదిక్ బండి తెస్తన్నాడు. స్టేషన్‌కి పోతన్నాం. శ్రీకాంత్ పేరే చెప్తా."

"వద్దే. నీకు దణ్ణం పెడతా, వద్దు."

"ఏటా మొదటి వల వెయ్యగానే తొలిచేప ఎవరింటికి పంపుతాం పిన్నీ? మీ ఇంటికే గదా. కట్ట కింది ఇల్లని, మీకు ఇచ్చాకే గదా అమ్మకానికి పెట్టేది. దానికి మీవాడు చేసేది ఇదా?"

"కొయ్యలేదంటే వినవేందే."

"ముందటేడు కూడా ఇట్టాగే పోయినయ్. వల కన్ను పెద్దదై సందుల్లోంచి జారిపోయినయ్. అందుకే గదా ఈసారి నేను దోమతెరలు తెచ్చి వల పొడుగునా కుట్టింది. సూది గుచ్చుకుని వేళ్ళు పుండ్లు పడ్డయ్. ఒక్క పిల్ల కూడా బయటికి పోగూడదని ఎంత గట్టిగా కుట్టాను..."

"గట్టిగానే కుట్టావే. అదే..."

"అదే?"

"ఏం లేదు."

"అదే, ఏంది?"

"చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడే."

"ఎవరు? శ్రీకాంతా?"

"దావూదు."

"ఆయనెందుకు ఒట్టేయించుకుంటాడు?"

"ఏం చెప్పేదే. నీ దోమతెర ఆకును గూడా పోనియ్యలా. గుర్రపుడెక్కా, గడ్డీ, కంపా అంతా వచ్చి గోడ మాదిరి పట్టేసింది. పోయే దారి లేక నీళ్ళు కట్ట అంచుకొచ్చినయ్. ఒకచోట కారడం గూడా మొదలైంది. కింద మా ఇంట్లో నేనూ, కోడలు ధరణీ, దాని పసిబిడ్డ. శ్రీకాంత్ కొడవలి తీసుకుని పరిగెత్తాడు, నిజమే. దావూదు చెయ్యి పట్టుకుని ఆపాడు."

"ఆపాడు గదా. మరి?"

"కొడవలి లాక్కున్నాడు. నువ్వు కోస్తే రేపటి నుంచి మీకూ మాకూ మాటలుండవురా, నేనే కోస్తా అన్నాడు. నడుం లోతు నీళ్ళలో నిలబడి కోశాడే. చేపలు కాళ్ళకి తగులుతా పోయినయ్యంట."

"ఆయనే కోశాడా?"

"ఆయనే."

"నా దోమతెర వల్లా?"

"అందుకే చెప్పొద్దన్నాడు. వరదకి చిరిగిందని చెప్పు పిన్నీ, తను కుట్టినదాని వల్లే అని తెలిస్తే రబియాకి అన్నం సయించదు అన్నాడు. ఇంటికి రానిదీ అందుకే. నీ మొహం చూస్తే దాచలేడు."

"పెద్ద కన్ను పెడితే పోయినయ్. చిన్న కన్ను పెడితే పోయినయ్. ఇంక నేనేం కట్టాలి పిన్నీ? చెప్పు, ఏం కట్టాలి?"

"నాకేం తెలుసే తల్లీ."

"ధరణి బిడ్డ బాగుందా?"

"బాగుంది. పాలు తాగి పడుకుంది."

"సాదిక్‌ని రావద్దని చెప్తాలే. ఆ చేప ఇటియ్యి. శ్రీకాంత్ పట్టిందైనా సరే, తీసుకుంటా."

"మావాడు పట్టింది కాదే."

"మరి?"

"పొద్దున మా చేలోకి దిగి, ఆ జనం మధ్యన, దావూదే చేత్తో పట్టాడు. 'ఈ ఏటికి మీ ఇంటి తొలిచేప ఇదే పిన్నీ' అని నా చేతిలో పెట్టి, మళ్ళా అలుగు కాడికి పోయి కూర్చున్నాడు."