బాపట్ల ఇసకలో పాతిన ఎర్తు

"తాతయ్యా, మీ తెనాలి మేష్టారు ఇంజినీరేనా?" అంటే ఏం చెప్పనే అమ్మడూ? కాయితం మీదైతే కాదు. కానీ తెనాలిలో మొదట సొంతంగా రేడియో కట్టింది ఆయనే. ఊళ్లలో కరెంటు లేదు కదా, బ్యాటరీ సైకిలు మీద పెట్టుకెళ్లి మరీ వినిపించేవారు. కరెంటొచ్చాక రేపల్లె చుట్టుపక్కల వైరింగంతా మేమిద్దరమే. నాకు రాత్రిళ్లు అక్షరాలు దిద్దించిందీ ఆయనే.

సరే, మీ అమ్మ పెళ్లయిన ఏడు... కాదు, అంతకు ముందేడు. టీవీలు కొత్తగా వస్తున్నాయి. బాపట్ల ఇంజినీరింగు కాలేజీవాళ్లు, ఆ మొదటి రేడియో తెచ్చి పిల్లలకి వినిపించమన్నారు. చదువుకున్న ఇంజినీర్ల ముందు నిలబడటం ఆయనకదే మొదలు. ఇస్త్రీ పంచె కట్టుకుని, "కనెక్షను మావాడిస్తాడు, చూడండి" అన్నారు. గది వెనకాల గొయ్యి తీసి, రాగిరేకు పాతి, ఎర్తు వైరు లాగాను. స్విచ్చి వేస్తే ఏముందీ, ఒకటే గుయ్యిమని మోత! పాటేమో ఎక్కడో బావిలోంచి వస్తోంది.

"మ్యూజియంకిచ్చేయండి సార్" అన్నాడు వెనక నుంచొకడు. అంతా గొల్లుమన్నారు. మేష్టారి మొహం చూడలేకపోయాననుకో.

చుడీదారు పిల్ల ఒకతి వచ్చి, "ఎర్తు అందట్లేదేమోనండి" అంది. నాకు ఒళ్లు మండింది. "రేపల్లెలో ఇంటింటికీ పాతానమ్మా, నువ్వు చెప్పాలా?"

"రేపల్లెది నల్లమట్టి కదండీ బాబాయిగారూ. ఇక్కడ ఇసకండి, చెమ్మ నిలవదు."

నిజమే కదా! మా రేపల్లెలో మూడడుగులు తవ్వితే నీరే. తెనాలిలో మేష్టారు రోజూ ఎర్తు గోతిలో చెంబుడు నీళ్లు పోస్తుంటే చాదస్తమనుకునేవాణ్ణి.

తప్పొప్పుకోవడమంటే నాకెంత కష్టమో మీ అమ్మమ్మనడుగు. అయినా అందరూ వింటుండగానే అన్నా, "రేడియోది కాదండీ మేష్టారూ, తప్పు నాది."

ఇంకేం, గోతిలో చెమ్మ నిలవాలని హాస్టలు వంటింట్లోంచి ఉప్పొచ్చింది, బొగ్గులొచ్చాయి. బిందెలు పిల్లలే మోశారు, ఆ మ్యూజియం కుర్రాడితో సహా. నాలుగో బిందె పోశామో లేదో, విజయవాడ స్టేషను మన పక్కన కూర్చుని మాట్లాడినట్టు పలికింది! ఒకటే చప్పట్లు.

మేష్టారు ఆ పిల్లకి చేతులెత్తి దణ్ణం పెట్టారు. "పాతికేళ్లుగా చెప్తున్నా తల్లీ, వీడు వినలా. నువ్వొక్కమాటతో వినిపించావు!" మళ్లీ నవ్వులు. ఈసారి నేనూ నవ్వా.

నువ్వూ ఆ పిల్లలాగే ఉండవే అమ్మడూ. ఎదుట నాలాంటి మొండాడున్నా సరే, తెలిసింది చెప్పెయ్. చల్లగా ఉండు తల్లీ.