బాయిలర్ బావ ఫోను నోరు మూయించిన వైనం

ఫిట్టర్ టీకొట్టుకి వచ్చేసరికి బాయిలర్ బావ అప్పటికే రెండో గ్లాసులో ఉన్నాడు. అంటే కోతలు మొదలై పావుగంట అయిందన్నమాట. రోడ్డుకి అవతల మిల్లు గేటు. ఆ గేటు లోపల పద్దెనిమిదేళ్లు బాయిలర్ దగ్గర ఆవిరి కాసిన మనిషిని ఆరు నెలల కిందట ఒక్క కాగితం ముక్కతో బయట నిలబెట్టారు. అప్పట్నుంచీ రోజూ ఆ గేటుకి ఎదురుగానే కూర్చుని టీ తాగుతాడు.

ఫిట్టర్‌కి లోపల సంతోషం ఆగడం లేదు. అతను పనిచేసే పాల ఫ్యాక్టరీలో బాయిలర్ మనిషి కావాలంటే అక్క మొగుడి పేరు తనే చెప్పాడు. ఇవాళ పొద్దున మేనేజర్ ఎదురుపడి, "మీ బావకి బుధవారమే ఉద్యోగాల సైట్లో మెసేజ్ పెట్టాను, శనివారం పన్నెండు లోపు జవాబివ్వమన్నాను" అని చెప్పి హడావిడిగా వెళ్లిపోయాడు. శనివారం అంటే ఇవాళే. ఇప్పుడు నాలుగున్నర. ఈపాటికి జవాబిచ్చే ఉంటాడు. ఇన్నేళ్లలో ఒక్క అలారాన్ని కూడా చెవిన పడకుండా పోనివ్వని మనిషాయె. ఆ శుభవార్త బావ నోటే విందామని ఫిట్టర్ బల్ల చివర కూర్చున్నాడు.

"రారా బామ్మర్దీ, టైముకొచ్చావ్! ఆ సైటు నోటిఫికేషన్లకి నేను చేసిన మర్యాద చెబుతున్నా. అందులో పేరు పెట్టిన పాపానికి రోజుకి నలభై సార్లు టింగుమనేది. ఎవడో నా ప్రొఫైల్ చూశాడంట, చూసి ఏమనుకున్నాడో మాత్రం చెప్పదు. ముక్కూ మొహం తెలియనివాడికి ప్రమోషనొచ్చిందంట, నేను అభినందించాలంట. నన్ను గెంటేసిన మిల్లులోనే నాకు పద్దెనిమిదేళ్లు నిండాయని నాకే అభినందనలు! ఇంకోటి వినండి. నా పనికే సగం జీతానికి మనిషి కావాలని మిల్లువాళ్లు ప్రకటన వేస్తే, 'ఈ ఉద్యోగం మీకు అతికినట్టు సరిపోతుంది' అని నాకే పంపింది."

టీకొట్టు అక్క నవ్వబోయి ఆగిపోయింది.

"మంగళవారం పొద్దున కూర్చున్నా. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కో మీటా నొక్కి అన్నీ ఆపేశా."

"ఓస్, అంతేనా? మా మనవరాలు కూడా చేస్తుంది," అన్నాడు పక్కన కూర్చున్న మిల్లు ప్యాకింగ్ పెద్దాయన.

"అంతేనా అంటావేంటి పెద్దాయనా! ఆపేకొద్దీ దానికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఫోను వణుక్కుంటూ వణుక్కుంటూ బల్ల దిగింది, గుమ్మం దాటింది, రోడ్డెక్కింది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? బస్టాపులో నిలబడింది!"

"టికెట్ తీసుకుందా?" అంది అక్క.

"తీసుకునేదే, నేను తోక పట్టి లాగబట్టి సరిపోయింది."

"ఫోనుకి తోకేంటయ్యా?"

"ఛార్జరు వైరు! తెచ్చి బియ్యం డబ్బాలో పాతిపెట్టా. మా ఆవిడ అన్నం వండుదామని మూత తీస్తే ఏముంది, డబ్బాడు బియ్యమూ పిండి! జల్లెడ కూడా పట్టక్కర్లేదు."

ఫిట్టర్ కూడా నవ్వాడు. కానీ మంగళవారం అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది.

"అప్పుడొచ్చింది నాకు కోపం. ఆ సైటు అడుగున ఎవరికీ కనబడకుండా దాచిన పెద్ద మీట ఒకటుంది. ఒక మెనూలోంచి ఇంకో మెనూలోకి నడిచి నడిచి నా చెప్పులరిగిపోయాయి. దారి పొడుగునా 'నిజంగా ఆపేస్తారా, మమ్మల్ని వదిలేస్తారా' అని ఏడుపులు. నేను కరుగుతానా? రెండు చేతులా పట్టి, ఆవిరి వాల్వు బిగించినట్టు బిగించా. అంతే, ఊళ్లో ఫోన్లన్నీ మూగబోయాయి. కుక్క నోరు తెరుస్తుంది, అరుపు లేదు. మెరుపు మెరిసింది, ఉరుము లేదు! చివరికి ఆ సైటు యజమాని స్వయంగా ఫోన్ చేశాడు."

"మూగబోయిన ఫోను ఎలా మోగిందయ్యా?" అన్నాడు పెద్దాయన.

"మోగలేదు, సిగ్గుపడుతూ వెలిగింది! 'అయ్యా, మీరొక్కరు ఆపేసరికి మా ఆఫీసు మూడంతస్తులూ చీకటైపోయాయి, ఒక్క మీటైనా తెరవండి' అని బావురుమన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'ముందు మా మిల్లు గేటు తెరిపించు, తర్వాత చూద్దాం' అన్నా."

అక్కా పెద్దాయనా పగలబడి నవ్వారు. ఫిట్టర్ నవ్వలేదు.

"బావా, మెసేజ్ వస్తే మోగేది కూడా ఆపేశావా?"

"ముందు పీక నులిమింది దాన్నేరా!"

"ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా లోపలికెళ్లి చూశావా?"

"చూస్తే దానికి అలుసైపోనూ?"

ఫిట్టర్ చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు. మూడు మెసేజ్‌లున్నాయి. మొదటిది బుధవారం: బాయిలర్ ఆపరేటర్ ఉద్యోగం, శనివారం పన్నెండు లోపు మీ అంగీకారం తెలపండి. రెండోది శుక్రవారం: మీ జవాబు కోసం చూస్తున్నాం. మూడోది ఇవాళ పన్నెండు దాటాక పది నిమిషాలకి. అది పైకే చదివాడు.

"మీరు స్పందించనందున వేరొకరిని తీసుకున్నాం. ధన్యవాదాలు."

"అదీ ఏదో ప్రకటనే అయ్యుంటుందిలే," అన్నాడు బావ. గొంతులో ఇందాకటి జోరు లేదు.

"కాదు బావా. మా ఫ్యాక్టరీ. నీ పేరు నేనే చెప్పాను."

నలభై చెత్త చప్పుళ్లతో మనిషి చెవులకి చిల్లులు పొడుస్తారు. నలభై ఒకటోది అన్నం పెట్టేదైతే, దాన్ని ఏరుకునే పని ఆ మనిషికే వదిలేస్తారు. ఆ సైటు కట్టినవాడు మాత్రం ఏ రోజూ పస్తుండడు.

"ఇంకోసారి అడిగి చూడరా," అన్నాడు బావ, మెల్లగా.

"మూడింటికి మా బాయిలర్ దగ్గర కొత్త మనిషిని చూశాను. రిపేరుకొచ్చాడనుకున్నా."

పెద్దాయన తల దించుకున్నాడు. ఫిట్టర్ ఫోనుని బావ గ్లాసు పక్కన పెట్టాడు.

"నేను మిల్లులో నీ దగ్గర పనిలో చేరిన మొదటి రోజు గుర్తుందా బావా? నా చెయ్యి మీద చెళ్లుమని ఒక్కటేశావు. అలారం ఎందుకు మోగిందో చూడకుండా ఆపేశానని."

అవతల మిల్లులో షిఫ్టు సైరన్ కూసింది. బావ అలవాటుగా లేచి నిలబడ్డాడు. గేటు తెరిచారు, లోపలికెళ్లేవాళ్లు వెళ్తున్నారు. సైరన్ ఆగేదాకా ఆయన అలాగే నిలబడి ఉన్నాడు.