మామిడి నీడలో ముళ్లగోరింట

చెంగమ్మ పూసిన మామిడిచెట్టు కింద నిలబడి చెవులు రిక్కించి వింటా ఉందంట. ఏం వినపడలా. మునిరత్నం పెండ్లాం ఈమె, కొండకింద ఎనిమిది చెట్లు వాళ్లకి. ఎనిమిదీ విరగబూసినాయి, ఒక్క తేనెటీగ అన్నా ఝుమ్మనాల గదా? ల్యా. మూడేండ్లుగా ఇదే తంతు, పూసేది, రాలేది, పిందె మాత్రం నిలిచేది కాదు. మునిరత్నం ఎట్లాంటోడనుకున్నారు, చెట్టుకింద గడ్డిపోచ కనపడితే ఆయనకి అన్నం దిగదు. మందుకొట్టి మాడ్చేస్తాడు. నేల మనం కూచున్న ఈ అరుగు మాదిరి నున్నగా ఉండాల. ఆ ఏడు పూతంతా రాలినాక అన్నాడంట, ఇంకొక్క పూత చూస్తా, వచ్చే ఏడు ఉగాదికి పిందె కనపడకపోతే చెట్లు కొట్టేసి టమోటా పెడతా అని. బిందెలతో నీళ్లుమోసి పెంచింది ఆమె గదా.

ఏమైందంటే, మర్నాడు కట్టెలకని కొండవంకలోకి పోయిందంట. ఎండ తగలని చోట, చెట్ల నీడన, ముళ్లగోరింట పసుప్పచ్చగా, అడ్డసరం తెల్లగా పూసుండాయి. వాటిమీద తేనెటీగలు, సీతాకోకచిలకలు, ఒకటే రొద! అక్కడే కూలబడిందంట. మామిడి పూసేది ఏడాదికొకసారి, మిగతా నెలలన్నీ మా తోటలో వీటికి పస్తే గదా, ఎందుకుంటాయి అనుకునింది. వానలు పడంగానే ఆ విత్తనాలు, కొమ్మలు తెచ్చి మామిడి నీడన నాటేసింది. మునిరత్నం చూసి, "ఏమే, పాములకి ఇల్లు కడతా ఉండావా?" అన్నాడు. "ఉగాదిదాకా గడువిచ్చినావు గదయ్యా. అందాకా మందుడబ్బా ముట్టొద్దు" అనింది.

అనింది గానీ, కొమ్మలు సగం ఎండిపాయె. ఇంకొన్ని మేకలు తినిపాయె. ఒకనాడు జెర్రిపోతు కనపడిందని మునిరత్నం మందుడబ్బా వీపుకేసుకొని వచ్చినాడు. ఆమె అడ్డం నిలబడి, "ముందు నామీద కొట్టు" అనింది. తిట్టుకుంటా పోయినాడు. కార్తీకంలో ముళ్లగోరింట పూసింది. ఒక తేనెటీగ వచ్చింది, నాలుగొచ్చినాయి. సంక్రాంతికి మామిడి పూస్తే ఆ పూతమీదా వాలినాయి. హమ్మయ్య అనుకునే లోపల దానిమీద మంచు పడింది. పూత నల్లబడింది.

ఉగాదిదాకా ఆగలా ఆ మనిషి. శివరాత్రి పోంగానే రంపమోళ్లని పిలిచేసినాడు. కొసనున్న చెట్టుకి తాడు కడతా ఉంటే చెంగమ్మ పరుగున వచ్చి, చీర దోపుకొని పక్కచెట్టు ఎక్కేసిందంట. నల్లబడిన పూతలో చేత్తో తడుముతా ఉంది, తడుముతా ఉంది, ఏమీ తగల్లా. కింద మునిరత్నం, "దిగే, పడి చస్తావు!" అని అరుస్తా ఉండాడు. ఆకుల చాటున వేళ్లకి తగిలింది, మిరియపు గింజంత. పక్కన ఇంకోటి. ఆ పైన గుత్తి. "అన్నా, పిందె! పిందెన్నా!" అని రంపమోళ్లని పిలుస్తా ఏడుపు ఎత్తుకునింది. రంపం పట్టినాయన ఎక్కి చూసి, దిగి, "నేనూ రైతునే మునిరత్నం, కడుపుతో ఉన్నదాన్ని నేను కొయ్యను" అన్నాడంట. ఆరిట్లో పిందె ఉంది. రెండిట్లో ల్యా. వచ్చినోళ్లని ఊరికే పంపేది ఎట్లా అని ఆ రెండూ కొట్టించినాడు. చెంగమ్మ చూడలేక ఇంట్లోకి పోయింది.

అదీ జరిగింది. మొన్న నేను పోతే మునిరత్నం తోటంతా తిప్పి చూపించి, ఈ పూలచెట్లు పెట్టాలని నాకే తోచింది అంటాడు! ఊఁ అన్నా. సంచీనిండా కాయలు పెట్టినాడు మరి, ఏం జేసేది?